గరిటె వాలిన వారం

ఆ బడి వంటగదిలో ఆవిడ అసలు పేరు జీతాలిచ్చే రోజున తప్ప ఇంకెప్పుడూ వినపడదు. పిల్లలకీ, టీచర్లకీ, పాలవాడికీ, గ్యాసు బండలు దింపే మనిషికీ ఆవిడ గరిటెమ్మే. కట్టుకున్న మొగుడు కూడా అలాగే పిలవడం మొదలుపెట్టాక ఇంక చెప్పేదేముంది! చేతిలో గరిటె ఉంటే గానీ ఆవిడకి మాట సాగదు కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరంటారు. అదీ నిజమే. హెడ్మిస్ట్రెస్‌తో పోట్లాడినా, ఉల్లిపాయల బస్తా తూకం తగ్గిందని కొట్టువాడిని కడిగేసినా, చేతిలో అది ఆడుతూనే ఉండేది. కానీ అసలు కారణం వేరే ఉంది.

బడి వంటలో కొలత గరిటె అని ఒకటుంది. పిల్లకి ఒక గరిటె కూర అని పైనుంచి లెక్క. సరుకు చాలని రోజున వంటవాళ్ళు ఆ గరిటెని కాస్త వాలుస్తారు. డేగిసాలోంచి నిండుగానే తీస్తారు, పళ్ళెం దాకా వచ్చేలోపు మణికట్టు ఒక్క పిసరు తిప్పుతారు, మూడో వంతు మళ్ళీ డేగిసాలోకే జారిపోతుంది. చూసేవాళ్ళకి గరిటె వచ్చినట్టే ఉంటుంది, వరసలో ఆఖర్న నిలబడ్డ పిల్లకి కూడా ఎంతో కొంత మిగులుతుంది. ఈ విద్య రాని వంటమనిషి లేదు. తప్పు పట్టడానికీ లేదు, డేగిసా అడుగు కనిపిస్తుంటే ఎవరైనా ఏం చేస్తారు? గరిటెమ్మ మాత్రం వాల్చేది కాదు. చాలకపోతే తన వంతు మానేసేది, టీచర్ల బల్ల మీదకి వెళ్ళే గిన్నె చిన్నది చేసేది, పిల్లల దగ్గర మాత్రం గరిటె నిండుగానే ఉండేది. "నా గరిటె వాలదు" అని ఆవిడ అనడం విన్నవాళ్ళు ఎంతమందో. ఆ మాట అన్నప్పుడు ఆవిడ ముఖం చూడాలి. ఏనుగెక్కినట్టుండేది.

గర్వపడడానికి ఆవిడకి వేరే ఏముంది చెప్పండి? చదువు లేదు, పొలం లేదు, పిల్లలు పెళ్ళిళ్ళయి ఎవరి కాపురాలు వాళ్ళు చేసుకుంటున్నారు, మొగుడు బస్సు తోలుతాడు. ఉన్నదల్లా ఆ వంటగది. తెల్లటి గోడలు, ఆవిరికి చెమర్చే కిటికీ, ముఖం చూసుకోగలిగేంతగా తోమిన డేగిసాలు. అందుకని ఆవిడ గర్వాన్ని నేను తప్పుపట్టను. దాని వల్ల జరిగినది మాత్రం మూసిపెట్టను.

బడి భోజనాల ఆఫీసు వాళ్ళు నెలకోసారి ఒక సమాచారం పంపుతారు. నిబంధనల్లో ఏం మారింది, నిధుల్లో ఏం మారింది, అన్నీ అందులో ఉంటాయి. అన్నీ అంటే, మనకి కావలసింది తప్ప అన్నీ. "నిధుల లభ్యతను బట్టి గుడ్డు వారానికి రెండుసార్లు" అని ఒక నెల. "నూనె వాడకం తగ్గించి ఆవిరి వంటను ప్రోత్సహించాలి" అని ఇంకో నెల. ఆ ముక్క రాసినవాడు ఎన్నడైనా ఆవిరి మీద ఉడికిన ఎండు బీన్సు గింజలు తిని ఉంటాడా అని వంటవాళ్ళంతా కడుపుబ్బ నవ్వుకున్నారు. నూనె ధర పెరిగింది, కూరగాయల ధర పెరిగింది, గ్యాసు సంగతి సరేసరి. ఒక్కో పిల్లకి ఇచ్చే డబ్బు మాత్రం ఉన్నచోటునుంచి అంగుళం కదలలేదు.

ఈ సమాచారాన్ని అందరికీ చదివి వినిపించేది గరిటెమ్మ తోటికోడలు. మరిది భార్య. మూడు వీధుల అవతలి బడిలో ఆవిడా పెద్ద వంటమనిషే. పొట్టి మనిషి, గట్టి గొంతు, ముక్కు చివర కళ్ళజోడు. శనివారం సాయంత్రం చుట్టుపక్కల బడుల వంటవాళ్ళంతా ఆవిడ ముందుగదిలో చేరి, టీ తాగుతూ, ఫోన్‌లో వచ్చినదాన్ని ఆవిడ చేత పైకి చదివించుకునేవాళ్ళు. డబ్బు పెంచమని ఆఫీసుకి అర్జీ పెట్టిందీ ఆవిడే. అందరి చేతా సంతకాలు పెట్టించింది, ఎండలో వానలో తిరిగింది, గుమస్తాల చేత మాటలు పడింది. ఏడాది తిరిగాక ఒక కబురొచ్చింది. ఒక కమిటీ వేశారట. వాళ్ళు ఏదో ఒక బడికి వచ్చి, పిల్లలతో కూర్చుని తిని, అప్పుడు తేలుస్తారట. ఎంచుకున్నది గరిటెమ్మ బడిని.

"నీ వంటగది అద్దంలా ఉంటుందని ఏరుకున్నారక్కా," అంది తోటికోడలు, అందరూ వెళ్ళాక టీ గ్లాసులు కడుగుతూ. "నీకు దణ్ణం పెడతాను, ఒక్క మాట విను. ఏమీ చెయ్యకు."

"ఏమీ చెయ్యకపోవడమేంటే?"

"రోజూ ఏం పెడతావో అదే పెట్టు. ఆ నీళ్ళ కూర వాళ్ళ నోట్లో పడాలి. పడితేనే మన పనవుతుంది."

గరిటెమ్మకి చుర్రుమంది. "నా కూర నీళ్ళ కూరా?"

"నీదే కాదు, అందరిదీ. ఇచ్చే సరుక్కి అంతకన్నా ఏమొస్తుంది? అందులో నీ తప్పేముంది, నా తప్పేముంది? పెద్దదానివి, అర్థం చేసుకో. మాటివ్వు."

"సరేలేవే, ఇచ్చాను. చిన్నపిల్లకి చెప్పినట్టు చెబుతావేంటి!"

మాటిచ్చింది. ఇచ్చినప్పుడు మనస్ఫూర్తిగానే ఇచ్చింది. ఆ సంగతి మీరు నమ్మాలి.

కమిటీ శుక్రవారం వస్తుందనగా సోమవారం పొద్దున పొయ్యి ముందు నిలబడింది గరిటెమ్మ. డేగిసాలో బీన్సు ఉడుకుతున్నాయి. పైన తేలిన నూనె చుక్కలు లెక్కపెట్టొచ్చు. అలా చూస్తుండగా ఎవరో పెద్దావిడ చెంచాతో ఆ కూర నోట్లో పెట్టుకుని, ముఖం చిట్లించి, పక్కనున్నాయన వైపు చూసినట్టు అనిపించింది. అంతే. "ఇదా ఈవిడ వంట" అని ఆ చూపు. ఇన్నేళ్ళ చెయ్యి. గడప తొక్కి వచ్చినవాళ్ళకి ఇది పెట్టి, చేతులు కట్టుకుని, వాళ్ళ జాలి చూపులు చూస్తూ నిలబడాలా?

ఆ రోజు వడ్డించేటప్పుడు గరిటెమ్మ మణికట్టు ఒక్క పిసరు తిరిగింది.

కూరగాయలు తరిగే ఆవిడ పక్కనే నిలబడి అన్నం పెడుతోంది. ఆవిడ చూసింది. చూడదూ మరి, ఆవిడా వంటమనిషే. "అక్కా," అని ఏదో అనబోయింది.

"నువ్వు నీ అన్నం చూసుకో," అంది గరిటెమ్మ.

మంగళవారం గరిటె వాలింది. బుధవారం గుడ్డు రోజు, గుడ్లు రాలేదని చెప్పి దాచింది. గురువారం కూర ఎంత పలచగా చేసిందంటే పళ్ళెంలో గళ్ళ అంచులు దాటి అన్నంలోకి పారింది. నూనె మిగిలింది, బీన్సు మిగిలాయి, టమాటాలు, గుడ్లు, పాలు మిగిలాయి. పిల్లలు చిన్నవాళ్ళు, వాళ్ళకేం తెలుస్తుంది అనుకుంది. నాలుగు రోజులు సర్దుకుంటే ఐదో రోజు వాళ్ళూ విందు తింటారు కదా, నేనేమైనా ఇంటికి పట్టుకెళ్తున్నానా అనుకుంది. మనసు అడ్డదారి పట్టినప్పుడు లాయరు కూడా అక్కర్లేదు, అదే వాదించుకుంటుంది.

శుక్రవారం ఆ వంటగది వాసనకి పక్క వీధిలో నడిచేవాళ్ళు ఆగి చూశారు. చిక్కటి కూర, పైన కమ్మగా తేలిన నూనె, ఒక్కొక్కరికి ఒక పూర్తి గుడ్డు, పాలతో చేసిన తియ్యటి పాయసం. గరిటె మీద కూర గుట్టగా నిలబడింది. పిల్లలు గోల గోలగా తిన్నారు, పళ్ళేలు నాకేశారు. కమిటీ వాళ్ళు చిన్న బల్లల ముందు మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. అధ్యక్షురాలు నెరిసిన జుట్టు మనిషి, మెత్తని మాట. లెక్కలు చూసే ఆయన మొదట్లో ముక్కు విరుస్తూ కూర్చుని, చివరికి పాయసం రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు.

తిన్నాక అధ్యక్షురాలు తనే లేచి వంటగదిలోకి వచ్చింది. "అమ్మా, నేను చాలా బళ్ళలో తిన్నాను. ఇలాంటి భోజనం ఎక్కడా తినలేదు. ఈ డబ్బుతోనే ఇంత బాగా ఎలా చేస్తున్నారు?"

ఇదిగో, ఇక్కడ. ఇక్కడ ఆవిడ నోరు మూసుకున్నా సరిపోయేది. "కష్టంగానే ఉంది మేడం" అన్నా సరిపోయేది. తోటికోడలు ముఖం, ఆ ముక్కు చివరి కళ్ళజోడు, కళ్ళ ముందు మెదిలింది కూడా. కానీ అంత పెద్దమనిషి అలా మునగచెట్టు ఎక్కిస్తుంటే, వెనక హెడ్మిస్ట్రెస్ మురిసిపోతూ నిలబడి ఉంటే, చేతిలో గరిటె ఉంటే, ఇంక ఆగుతుందా?

"చెయ్యి తిరిగిందైతే ఉన్నదాంతోనే కమ్మగా వండొచ్చు మేడం," అంది గరిటెమ్మ.

లెక్కలాయన జేబులోంచి పెన్ను తీశాడు.

ఆ నెల సమాచారం వచ్చిన శనివారం తోటికోడలి ముందుగది నిండిపోయింది. గుమ్మంలో కూడా నిలబడ్డారు. గరిటెమ్మ కిటికీ పక్కన పీట మీద కూర్చుంది. కమిటీ వచ్చి వెళ్ళినరోజు తోటికోడలు అడిగింది, "ఎలా జరిగిందక్కా?" అని. "బాగానే తిన్నారులే," అని నీళ్ళు నమిలేసింది. ఒక్కరోజు తిండికి అంత పెద్ద లెక్కలు మారతాయా అని తనకి తను చెప్పుకుంది.

తోటికోడలు కళ్ళజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టింది. "ప్రస్తుత కేటాయింపు సరిపోతున్నట్టు కమిటీ ప్రత్యక్షంగా గమనించింది." ఆగింది. మళ్ళీ అదే వాక్యం చదివింది, తనేమైనా తప్పు చదివానేమో అన్నట్టు. తర్వాత గొంతు కొంచెం తగ్గించి, కానీ ఆపకుండా చదివింది. "లోపం నిధులలో కాక నైపుణ్యంలో ఉన్నదని కమిటీ అభిప్రాయం. ఒక బడి ప్రధాన వంటమనిషి మాటల్లో చెప్పాలంటే, చెయ్యి తిరిగిందైతే ఉన్నదాంతోనే కమ్మగా వండొచ్చు. కనుక పెంపు ప్రతిపాదనను పక్కన పెట్టడమైనది. వంటవారందరికీ పొదుపు వంటలో శిక్షణ ఇవ్వాలని, అందుకు సదరు వంటమనిషి సేవలను వినియోగించుకోవాలని నిర్ణయించడమైనది."

ఎవరూ గరిటెమ్మ వైపు తిరగలేదు. తిరిగి నాలుగు తిట్టినా బాగుండేది. రైలు కట్ట దగ్గరి బడిలో వండే ముసలావిడ, చేతులు వాచిపోయి డేగిసా ఎత్తలేని మనిషి, నెమ్మదిగా అంది, "అయితే మనకి వంట రాదన్నమాట." ఎగతాళిగా అనలేదు. నిజంగానే, అలా అయి ఉంటుందేమో అన్నట్టు అంది. ఆ మాట విన్నాక గరిటెమ్మకి పీట మీదనుంచి లేచే ఓపిక లేకపోయింది.

అందరూ వెళ్ళిపోయాక తోటికోడలు గ్లాసులు ఏరుకుంటూ అడిగింది, తల ఎత్తకుండా. "ఎన్ని రోజుల సరుకు పెట్టావక్కా?"

గరిటెమ్మ చెప్పలేదు. చెప్పలేదంటే చెప్పినట్టే.

"మాటిచ్చావు కదా," అంది తోటికోడలు. గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళి, గరిటెమ్మ చెప్పులు వేసుకుని వెళ్ళేదాకా బయటికి రాలేదు.

ఇంటికొచ్చాక మొగుడికి చెప్పింది. ఆయన ఎప్పుడూ నవ్వించే మనిషి. వంట తగలబడినా బస్సు ఆగిపోయినా ఒక జోకు వేసి దాటేస్తాడు. ఆ రోజు మాత్రం జోకు వెయ్యలేదు.

"పిల్లల తిండి పిల్లలకే పెట్టానండీ," అంది గరిటెమ్మ. "ఒక్క గింజ ఇంటికి తేలేదు."

"తేలేదు," అన్నాడు ఆయన. "కానీ వాళ్ళు తిన్నది నీ పేరుకి తిన్నారు. వాళ్ళ ఆకలికి కాదు."

"ఇప్పుడేం చెయ్యమంటారు? పోయి చెప్పమంటారా? ఉద్యోగం ఊడగొడతారు. అందరిలో తల కొట్టేసినట్టు అవుతుంది."

"నేనేమీ చెయ్యమనడంలేదు. నిన్ను నేను ఎప్పుడు చెయ్యమన్నానని, ఎప్పుడు విన్నావని?" నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

చెప్పకూడదనే అనుకుంది ఆవిడ. నిజం చెప్పుకోవాలంటే, రెండు వారాలపాటు అలాగే అనుకుంది. శిక్షణలో నాలుగు చిట్కాలు చెప్పేస్తే పోతుంది, బీన్సు గింజలు ముందురోజే నానబెట్టండి, టమాటా తొక్క పారెయ్యకండి, ఇలాంటివి. కాలం గడిస్తే అందరూ మర్చిపోతారు. శనివారాలు తోటికోడలి ఇంటికి వెళ్ళడం మానేసింది. తేలు కుట్టిన దొంగలా వీధి చివరనుంచి చుట్టు తిరిగి ఇంటికెళ్ళేది.

అలా ఉండగా ఒక రోజు కూరగాయల బండి ఆలస్యంగా వచ్చింది. వచ్చిన వాటిలో సగం కుళ్ళాయి. చేసేదేమీ లేక కూర పలచన చేసింది. గరిటె మాత్రం నిండుగా పెడుతోంది, ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నట్టు. వరసలో ఓ చిన్నపిల్ల, ముందు పళ్ళు ఊడిన పిల్ల, పళ్ళెంలోకి చూసుకుని, తల ఎత్తి అడిగింది.

"గరిటెమ్మా, మళ్ళీ ఎవరైనా వస్తున్నారా?"

గరిటెమ్మకి అర్థం కాలేదు. "ఎవరొస్తారే?"

"పెద్దవాళ్ళు. వాళ్ళొచ్చే ముందు మాకు కొంచెం కొంచెం పెట్టావు కదా." ఆ పిల్ల గొంతులో కోపం లేదు, ఫిర్యాదు లేదు. వాన వస్తుందా అని అడిగినట్టు అడిగింది. "ఎన్ని రోజులు? మా తమ్ముడు అడగమన్నాడు. వాడికి మధ్యాహ్నం కడుపు నొప్పి వస్తుంది."

వెనకాల ఉన్న పిల్లలు కూడా జవాబు కోసం చూస్తున్నారు. అంటే అందరికీ తెలుసు. వరసలో నిలబడ్డ ప్రతి పిల్లకీ తెలుసు. ఆ వారమంతా వాళ్ళు చూస్తూనే ఉన్నారు, ఏమీ అనలేదు, పెద్దవాళ్ళొస్తే పిల్లలు తక్కువ తినాలి కాబోలు అనుకుని ఊరుకున్నారు. గరిటెమ్మ చేతిలోని గరిటెని డేగిసాలో వదిలేసి, వడ్డించే పని కూరగాయల ఆవిడకి అప్పజెప్పి, వెనక సామాన్ల గదిలోకి పోయి బియ్యం బస్తా మీద కూర్చుంది. జీవితంలో మొదటిసారి ఆ వంటగదిలో తన ముఖం ఎవరికీ కనబడకూడదని కోరుకుంది. డేగిసాలు అంత మెరిసేలా తోమినందుకు కూడా ఆవిడకి ఏడుపొచ్చింది, ఎటు చూసినా తన ముఖమే కనిపిస్తోంది మరి.

శిక్షణ ఆఫీసు పెద్ద హాల్లో పెట్టారు. ముందు బల్ల మీద గ్యాసు పొయ్యి, డేగిసా. కుర్చీల్లో చుట్టుపక్కల బడుల వంటవాళ్ళంతా. మూడో వరసలో తోటికోడలు. పక్కన రైలు కట్ట బడి ముసలావిడ, నేర్చుకుందామని బుద్ధిగా ముందుకు వంగి కూర్చుంది. ఒక పక్కన అధ్యక్షురాలు, లెక్కలాయన, ఇంకా ఎవరెవరో. అధ్యక్షురాలు లేచి గరిటెమ్మ గురించి నాలుగు మంచి మాటలు చెప్పింది. ఆ ఒక్కో మాటకీ గరిటెమ్మ కొంచెం కొంచెం కుంగిపోయింది.

ఆవిడ ఏమీ మాట్లాడకుండా పొయ్యి వెలిగించింది. నిబంధనల ప్రకారం ఒక తరగతి పిల్లలకి ఒక పూటకి వచ్చే సరుకు ఎంతో అంతే తెచ్చుకుంది. ఆ కాస్త నూనె, ఆ గుప్పెడు బీన్సు, ఆ నాలుగు టమాటాలు. ఉన్న నేర్పంతా పెట్టి వండింది, దాపరికం లేకుండా, అందరూ చూస్తుండగా. ఎంత మంచి చెయ్యి అయితే మాత్రం, లేనిదాన్ని ఎక్కడినుంచి తెస్తుంది? తర్వాత కొలత గరిటె తీసుకుని, నిండుగా, కమిటీ వాళ్ళకి పళ్ళేల్లో పెట్టింది. కూర అన్నం చుట్టూ పారి అంచుకి చేరింది.

అధ్యక్షురాలు ఒక చెంచా తింది. ఇంకో చెంచా తింది. "అమ్మా," అంది మెల్లగా, నలుగురిలో చిన్నబుచ్చకూడదని, "ఆ రోజు కూర ఇలా లేదే? ఈ రోజు ఏమైనా మర్చిపోయారా?"

"మర్చిపోలేదు మేడం." గరిటెమ్మ గరిటెని బల్ల మీద పెట్టేసింది. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఏప్రాన్ అంచు పట్టుకుంది. "ఇదే ఒక పూట కూర. ఆ రోజు మీరు తిన్నది ఒక పూట కూర కాదు. వారం కూర. నాలుగు రోజులు పిల్లల పళ్ళేల్లో తగ్గించి దాచి, ఐదో రోజు మీకు పెట్టాను."



"ఎందుకమ్మా?" అంది అధ్యక్షురాలు. నిజంగానే అర్థం కానట్టు అడిగింది. "పెంచమని అడిగింది మీరే కదా?"

"అడిగింది వీళ్ళు మేడం. నేను సంతకం పెట్టాను. మాటా ఇచ్చాను, ఉన్నది ఉన్నట్టు పెడతానని." ఏప్రాన్ అంచుని వేళ్ళకి చుట్టుకుంది. "మీరు నా కూర తిని ముఖం చిట్లిస్తారని సిగ్గేసింది. నా వంట బాగోలేదనుకుంటారని. దాని కోసం పిల్లల్ని పస్తు పెట్టాను. వీళ్ళందరికీ వంట రాదని మీ చేత రాయించాను. వీళ్ళకి వంట వచ్చు మేడం. నాకన్నా బాగా వచ్చు. వీళ్ళెవరూ ఆ పని చేసేవాళ్ళు కారు."

కథల్లో అయితే ఇక్కడ చప్పట్లు కొడతారు. ఎవరూ కొట్టలేదు. అధ్యక్షురాలు పళ్ళెం పక్కకి జరిపింది, ఆవిడ ముఖం ఎర్రబడింది. పాయసం రెండుసార్లు పెట్టించుకున్న లెక్కలాయన తన చేతుల వైపు చూసుకుంటూ కూర్చున్నాడు. రైలు కట్ట ముసలావిడ మాత్రం వెనక్కి వాలి, "హమ్మయ్య," అంది, తనలో తను. ఆ ఒక్క మాట గరిటెమ్మకి తిట్టుకన్నా గట్టిగా తగిలింది. ఇన్నాళ్ళూ ఆ మనిషి తనకి వంట రాదనే అనుకుంటూ కూర్చుందన్నమాట.

తర్వాత విచారణ అన్నారు, సంజాయిషీ అన్నారు. గరిటెమ్మ అడిగినదానికల్లా ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కమిటీ వాళ్ళు ఈసారి చెప్పాపెట్టకుండా బళ్ళు తిరిగారు. రైలు కట్ట బడిలో తిన్నారు, తోటికోడలి బడిలో తిన్నారు. తోటికోడలు రోజూ పెట్టేదే పెట్టింది. ముఖం చిట్లిస్తే చిట్లించారని పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. అంత ధైర్యం తనకెందుకు లేకపోయిందో గరిటెమ్మకి ఇప్పటికీ అంతుపట్టదు.

మళ్ళీ సమాచారం వచ్చిన శనివారం, తోటికోడలు కబురు చేసింది. "అక్కని రమ్మన్నానని చెప్పు," అంటూ కూరగాయల ఆవిడని పంపింది. గరిటెమ్మ వెళ్ళి గుమ్మం దగ్గరే నిలబడింది. లోపల ఎవరో పీట జరిపారు. ఆవిడ కూర్చోలేదు.

తోటికోడలు చదివింది. కేటాయింపు పెంచారు. అడిగినంత కాదు, అందులో సగం. నూనెకి వేరుగా, గుడ్డుకి వేరుగా. గది ఒక్కసారిగా గోలెత్తిపోయింది. ఎవరో చప్పట్లు కొట్టారు, ఎవరో ముసలావిడ వాచిన చేతులు పట్టుకుని ఊపారు.

"ఉండండి, ఉండండి, పూర్తిగా వినండి," అంది తోటికోడలు. "వచ్చే విద్యా సంవత్సరం మొదలు."

"మరి ఈ ఏడాదికి?"

"ఈ ఏడాదికి బడ్జెట్ మూసేశారట. కమిటీ మొదటిసారి అక్కర్లేదని రాసేసింది కదా, ఆ డబ్బు వేరే పనికి పోయిందట. ఈ ఏడాదికి పాతదే."

గోల తగ్గింది. ఏడాది పొడుగునా, ఇన్ని బళ్ళలో, ఇంతమంది పిల్లల పళ్ళేల్లో ఆ పలచటి కూర. ముందు పళ్ళు ఊడిన పిల్ల తమ్ముడికి మధ్యాహ్నం కడుపు నొప్పి. పెద్ద తరగతి పిల్లలైతే ఆ పెరిగిన కూర రుచి చూడకుండానే బడి దాటిపోతారు. గుమ్మం పట్టుకుని నిలబడ్డ గరిటెమ్మకి ఇదంతా ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

తోటికోడలు ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, "సరే, టీ తాగండి, చల్లారిపోతోంది," అంది.

"అయిపోయిందా?" అంది గరిటెమ్మ.

"అయిపోయిందక్కా."

"అవలేదు. నాకు హెడ్మిస్ట్రెస్ చెప్పింది. కింద ఇంకొకటి ఉంది."

తోటికోడలు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఎందుకక్కా ఇప్పుడు? అందరికీ తెలిసిందేగా."

"నేనన్న మాట అందరి ముందూ చదివావు. నేను చేసింది కూడా చదువు."

తోటికోడలు మళ్ళీ ఫోన్ తీసుకుని, అందరికీ వినపడే గొంతుతో చదివింది. "పిల్లల భోజనంలో కోత విధించి, కమిటీని తప్పుదారి పట్టించినందుకు సదరు ప్రధాన వంటమనిషిని ఆ బాధ్యతల నుంచి తొలగించి, సహాయకురాలిగా నియమించడమైనది. ఇకపై ఆమె వడ్డన విధులు నిర్వహించరాదు."

వడ్డించకూడదట. ఆ సంగతి హెడ్మిస్ట్రెస్ చెప్పలేదు. గరిటెమ్మ తల వంచుకుని, గుమ్మం మీద నుంచి చెయ్యి తీసి, "సరిగ్గానే రాశారు," అంది.